మాలకొండయ్యలో నికోటిన్ శాతం

మాలకొండయ్య చేసిన తప్పల్లా ఒక్కటే. పొగాకును పరీక్షించే సంస్థకు పొగాకు పట్టుకెళ్ళాడు.

పొద్దున్నే లేచి, ఇంట్లో పేర్చి ఉన్న పొగాకు బేళ్ళలోంచి తలా నాలుగు ఆకులు లాగి, అవి విరక్కుండా కాస్త తడిపిన గోనెపట్టాలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ జోజిబాబు ఆ మూటను ఒక్కసారి వాసన చూసి వెనక్కి గెంతాడు.

"ఏందయ్యా అది?"

"పొగాకు."

"ఓర్నాయనో! అట్టా పైకి చెప్పేస్తన్నావేంది, భయం లేదా? బోర్డు చూళ్ళా?"

మాలకొండయ్య చూశాడు. పైన 'పొగాకు నాణ్యతా పరీక్షా సంస్థ' అని నీలం అక్షరాల్లో ఉంది. దాని కింద, అంతకు రెట్టింపు ఎర్ర అక్షరాల్లో, 'ఇది పొగాకు రహిత ప్రాంగణం. ఆకు, పొడి, చుట్ట, ముక్కుపొడుం మొదలగు ఏ రూపములోనైనను పొగాకును లోనికి తెచ్చుట నేరము' అని ఉంది. పైనుంచి కిందికి చదివాడు. కింది నుంచి పైకి చదివాడు. ఎటు నుంచి చదివినా అదే చావు.

"లోపల ఏం పరీక్ష చేస్తారు?" అని అడిగాడు.

"పొగాకు."

"మరి ఆ పొగాకు యాడుండాల?"

"బయట" అన్నాడు జోజిబాబు, ఇందులో అర్థం కానిదేముందన్నట్టు. "నువ్వు లోపలికి పోవచ్చయ్యా. నిన్నెవరొద్దన్నారు? అది మాత్రం రాకూడదు."

సంగతేమిటంటే, ఆ ఏడాది సర్కారు వారికి పొగాకు విషయంలో ఒకేసారి రెండు రకాల ఉత్సాహాలు పుట్టుకొచ్చాయి. మొదటిది శాస్త్రోత్సాహం. ఇన్నాళ్ళూ వేలం కేంద్రంలో ఆకును చేత్తో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, రంగు చూసి కొనేవారు. ఇది బొత్తిగా ఆటవికమని ఎవరికో తోచింది. ఇకమీదట ప్రతి రైతూ తన సరుకులో నికోటిన్ ఎంతుందో ఇన్‌ఫ్రారెడ్ యంత్రంతో కొలిపించుకుని చీటీ తేవాలి, చీటీ లేని సరుకు వేలం అరుగెక్కరాదు అని ఉత్తర్వు వేశారు. ఆ యంత్రం నిజంగా గొప్పదే. కంటికి కనబడని కాంతిని ఆకు మీద వేసి, తిరిగొచ్చిన కాంతిని చదువుకుని, ఇందులో నికోటిన్ ఇంత అని చెప్పేస్తుంది. ఆకును ఉడకబెట్టక్కర్లేదు, ఆసిడ్‌లో ముంచక్కర్లేదు, ఒకసారి చూపిస్తే చాలు.

రెండోది ఆరోగ్యోత్సాహం. ప్రభుత్వ కార్యాలయాలన్నీ పొగాకు రహిత ప్రాంగణాలు కావాలనీ, అన్నిటికంటే నిష్ఠగా ఉన్న కార్యాలయానికి వెండి షీల్డు ఇస్తామనీ ఇంకో ఉత్తర్వు. విడివిడిగా చూస్తే రెండూ బంగారంలాంటి ఉత్తర్వులు. ఖర్మ కాలి రెండూ ఒకే బల్ల మీదికి వచ్చి పడ్డాయి. ఆ బల్ల సంస్థ డైరెక్టరు డాక్టర్ సర్వోత్తమరావుగారిది.

ఆయన రెండింటినీ నెత్తిన పెట్టుకున్నారు. షీల్డు మీద ఆయనకెంత మోజంటే, సిగరెట్టు తాగాలనిపించినప్పుడల్లా జీపెక్కి, క్షేత్ర పర్యటన పేరుతో ఊరి పొలిమేర దాటి, అక్కడ తాగి వచ్చేవారు. ఆ నెల్లో ఆయన చేసినన్ని క్షేత్ర పర్యటనలు అంతకు ముందు ఏ డైరెక్టరూ చేసి ఎరగడు.

ఈ ఉత్సాహాలేవీ మాలకొండయ్యకు తెలియవు. అతనికి తెలిసింది చీటీ కావాలనీ, వచ్చే శనివారంతో వేలం కేంద్రం మూతపడుతుందనీ. మూస్తే మళ్ళీ తెరిచేది కొత్త పంటకే. అప్పటికి ఈ ఆకు నల్లబడి, బూజెక్కి, ఉచితంగా ఇస్తానన్నా ఎవరూ ముట్టుకోరు. ఏడాది కష్టమంతా ఇంట్లోనే కుళ్ళిపోతుంది. ఇప్పటికే ఇల్లు బేళ్ళది, అతనూ భార్య చెంచమ్మా పందిట్లో పడుకుంటున్నారు. "చీటీ లేకండా వచ్చావా, నీకు అన్నం కూడా ఆ బేళ్ళ మీదే వడ్డిస్తా" అని చెంచమ్మ బస్సెక్కించేటప్పుడే చెప్పింది.

చేసేది లేక మూటను రోడ్డవతలి టీ కొట్టులో అప్పజెప్పి, ఉత్త చేతులు ఊపుకుంటూ లోపలికి వెళ్ళాడు.

యంత్రం చల్లటి గదిలో, పట్టు గుడ్డ కప్పుకుని, నుదుట కుంకుమ బొట్టుతో కూర్చుని ఉంది. దాని పక్కన సైంటిస్టు హైమవతి దిగాలుగా కూర్చుని ఉంది. యంత్రం వచ్చిన నాటి నుంచి ఆమె ఒక్క పొగాకు ఆకును చూసిన పాపాన పోలేదు. యంత్రంతో పాటు కంపెనీవాళ్ళు పంపిన నమూనా ఆకును కూడా జోజిబాబు గేటు దగ్గరే పట్టుకుని వెనక్కి తోలేశాడు.

"అమ్మా, నా ఆకు బయట టీ కొట్లో ఉండాది. యంత్రాన్నే అక్కడిదాకా తీసుకొస్తే..." అన్నాడు మాలకొండయ్య.

"యంత్రాన్ని ప్రాంగణం దాటించకూడదు బాబాయ్. ప్రభుత్వ ఆస్తి."

"అయితే అది బయటికి రాదు, ఇది లోపలికి రాదు. వీళ్ళిద్దరికీ పెళ్ళెట్టా జరగాల?"

హైమవతి నవ్వబోయి ఏడుపు మొహం పెట్టింది. "దీంతో ఇంకో తంటా ఉంది. దీనికి తెలియదు అనే మాట రాదు. ఏది చూపించినా ఏదో ఒక అంకె చెప్పి తీరుతుంది. మొన్న ఊరికే ఉండలేక నా చున్నీ చూపించాను. రెండు పాయింట్ రెండు అంది. డైరెక్టరుగారికి చెబితే, ఏ ప్రశ్నకైనా జవాబిచ్చే ఉద్యోగి మన సంస్థకు దొరకడం ఇదే మొదలు అని మురిసిపోయారు."

డైరెక్టరుగారు అప్పుడే క్షేత్ర పర్యటన ముగించుకుని, నోట్లో యాలకులు నములుతూ వచ్చారు. మాలకొండయ్య గోడు విని, కళ్ళు మూసుకుని, చూపుడువేళ్ళు రెండూ కణతలకు ఆన్చారు. ఆయనకు ఆలోచన వచ్చే ముందు ఎప్పుడూ అలాగే చేస్తారట.

"సమస్యను సమగ్ర దృక్కోణంలో పరిశీలిద్దాం. యంత్రం గ్రహించేది ఏమిటి?"

"కాంతి సార్" అంది హైమవతి.

"ఛాయాచిత్రంలో నిక్షిప్తమై ఉన్నది ఏమిటి?"

హైమవతి లేచి నిలబడింది. "సార్, వద్దు సార్."

"కాంతే! కావున సదరు రైతులు తమ తమ పొగాకును బయటే ఛాయాచిత్రం తీయించి, ఆ చిత్రాన్ని లోనికి తేవలసింది. యంత్రం చిత్రాన్ని పరీక్షిస్తుంది."

"ఫొటోలో నికోటిన్ ఉండదు కదా సార్!"

"ఉండకూడదనే కదమ్మా ఈ ప్రాంగణపు ధ్యేయం!" అన్నారు డైరెక్టరుగారు గద్గద స్వరంతో. అటెండరు చప్పట్లు కొట్టాడు.

ఇంకేముంది, పట్టణంలో ఫొటో స్టూడియోలకు పండగొచ్చి పడింది. పెళ్ళిళ్ళకు ఒప్పుకున్న ఫొటోగ్రాఫర్లు పెళ్ళికూతుళ్ళను వదిలేసి పొగాకు వెంటపడ్డారు. ఆకును కుర్చీలో కూర్చోబెట్టి, వెనకాల ఊటీ తెర దించి, రెండు వైపులా లైట్లు పెట్టి తీశారు. నిగనిగలాడే కాగితం మీద అచ్చు వేస్తే యంత్రం ఒకటి పాయింట్ ఎనిమిది అనేది. గరుకు కాగితమైతే రెండు పాయింట్ ఆరు అనేది. అడ్డంగా పెడితే ఒక లెక్క, నిలువుగా పెడితే ఇంకో లెక్క. కంపెనీలకు రెండు, రెండున్నర మధ్య ఉన్న సరుకు నచ్చుతుందని ఎవడో పుకారు పుట్టించాడు. తెల్లారేసరికి ప్రతి స్టూడియో ముందూ 'ఇచ్చట రెండున్నర లోపు గ్యారంటీ' అని బోర్డు వెలిసింది. ఒక స్టూడియో వాడైతే ఫొటోలో నికోటిన్ తగ్గించడానికి ఆకుకు పౌడరు అద్దేవాడు.

మాలకొండయ్య కూడా తీయించాడు. కెమెరా వెనక నల్లగుడ్డలోంచి "కొంచెం గడ్డం పైకి" అని కేక వినబడితే తన గడ్డం పైకెత్తాడు. "నువ్వు కాదు పెద్దాయనా, ఆకు" అన్నాడు ఫొటోగ్రాఫరు విసుగ్గా. ఆకు గడ్డం ఎక్కడుంటుందో తెలియక మాలకొండయ్య కాడను పట్టుకుని ఎత్తాడు. ఫొటో మాత్రం భేషుగ్గా వచ్చింది. ఇంట్లో చెంచమ్మ దాన్ని చూసి, "మన పెళ్ళి ఫొటో ఇంత బాగా రాలా" అని మూతి విరిచింది.

ఆ ఫొటో పట్టుకుని సంస్థ ముందు వరసలో నిలబడ్డాడు. ఇంకో ఇద్దరి తర్వాత తనదే వంతు. అంతలో లోపలి నుంచి అటెండరు పరుగెత్తుకుంటూ వచ్చి గోడకు కాగితం అంటించాడు. విషయం ఏమిటంటే, షీల్డు కమిటీ తనిఖీకి వస్తున్నదని తెలిసి డైరెక్టరుగారు చట్టాలన్నీ మళ్ళీ చదివారు. ఊటీ తెర ముందు, లైట్ల వెలుగులో, పౌడరు రాసుకుని నిలబడ్డ పొగాకు ఫొటో పొగాకుకు ప్రకటనే అవుతుందని ఆయనకు అనుమానం వచ్చింది. ప్రకటన నిషేధం, కాబట్టి అంతవరకూ ఇచ్చిన చీటీలన్నీ రద్దు. తప్పదనుకుంటే దాని మీద ఆరోగ్య హెచ్చరిక బొమ్మ ఉండాలి. సిగరెట్టు పెట్టె మీద ఎంత మేర ఉంటుందో ఫొటో మీదా అంత మేర ఉండాలి. అంటే ఇంచుమించు మొత్తం.

పాపం, స్టూడియోలవాళ్ళు అదీ చేసిచ్చారు. ఇప్పుడు ఫొటోలో పుండు పడిన గొంతు ఒకటి భయంకరంగా నోరు తెరుచుకుని ఉండేది. ఓ మూలన, స్టాంపు బిళ్ళంత జాగాలో, పొగాకు కాడ కొస కనబడీ కనబడకుండా ఉండేది. యంత్రం మాత్రం తన నిష్ఠ తప్పలేదు. ఎవరి ఫొటో పెట్టినా సున్నా పాయింట్ నాలుగు అంది.

"ఇప్పుడు మనం కొలుస్తున్నది గొంతు పుండును సార్" అంది హైమవతి నీరసంగా.

"మరి ఎంత తగ్గిందో చూశావా! హెచ్చరికలు పనిచేస్తున్నాయనడానికి ఇంతకంటే శాస్త్రీయ నిదర్శనం ఏం కావాలి?" అన్నారు డైరెక్టరుగారు.

వేలం కేంద్రం సూపరింటెండెంటు ఆ చీటీలన్నిటినీ మూటగట్టి తిప్పి పంపాడు. జిల్లా మొత్తం పొగాకుకు ఒకే అంకె రావడం ప్రకృతి విరుద్ధమని, ఇంతటి ఏకాభిప్రాయం ఏ ఇద్దరు అన్నదమ్ముల మధ్యా తాను చూడలేదని రాశాడు. ఒక్క రైతు చేతిలోనూ చెల్లే చీటీ లేదు. వేలం కేంద్రంలో ఒక్క బేలు దిగలేదు. ఆకు కొనడానికొచ్చిన కంపెనీ బయ్యర్లు లాడ్జీ గదుల్లో పేకాడుకుంటూ కూర్చున్నారు. పై నుంచి వాళ్ళకూ చీవాట్లే.

శుక్రవారం వచ్చింది. మాలకొండయ్య ఓపిక అయిపోయింది. పొద్దునంతా బేళ్ళు విప్పి, ఎక్కడ ఆకు రంగు తిరుగుతున్నదో చూసుకుని, మళ్ళీ కట్టి, చేతులు కూడా కడుక్కోకుండా బస్సెక్కాడు. జోజిబాబు జేబులు తడిమి, తలగుడ్డ విప్పించి, నోరు తెరిపించి చూసి వదిలాడు. మాలకొండయ్య సరాసరి యంత్రం గదిలోకి దూసుకుపోయాడు. డైరెక్టరుగారు, హైమవతి అక్కడే ఉన్నారు.

"ఏం సారూ, మమ్మల్ని బతకనిస్తారా, సావమంటారా? రేపటితో వేలం అయిపోతది! మా ఇంటిదీ నేనూ పందిట్లో దోమలకు మేతైపోయినాం. ఆ ఆకు కుళ్ళితే వచ్చే ఏడు నారు పొయ్యడానికి కూడా ఊపిరుండదు. మీ షీల్డు మీకు ముఖ్యం, మా పంట మాకు కాదా?" అని అరుస్తూ రెండు అరచేతులూ బల్ల మీద దబ్బున చరిచాడు.

చేతులు తీసేసరికి బల్ల మీద రెండు నల్లటి ముద్రలు. డైరెక్టరుగారు వంగి చూశారు.

"ఏమిటయ్యా ఈ నలుపు?"

"బంక సారూ. పచ్చాకు కోసేటప్పుడు అంటుకుంటది. ఎండాకు తడిమేటప్పుడు ఇంకాస్త అంటుకుంటది. సబ్బుకు పోదు. అన్నం తిన్నా చేదే."

డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని వేళ్ళు కణతలకు ఆన్చారు. హైమవతి గోడకు జారగిలబడింది.

"రైతు పొగాకా?" అని ఆయన గదిని ప్రశ్నించారు. "కాదు. మనిషి. కావున ప్రాంగణ ప్రవేశానికి అర్హుడు. కానీ రైతు చేతిలో పొగాకు సారం కలదా? కలదు. కావున పరీక్షకూ అర్హుడే! పొగాకును లోనికి తేకుండానే పొగాకు వచ్చేసింది! ఇతడు తన పంటకు సజీవ ప్రతినిధి నమూనా. అమ్మా, చెయ్యి పెట్టించు."

"సార్, ఇది మనిషి చెయ్యి..."

"శాస్త్రానికి పక్షపాతం ఉండరాదు."

మాలకొండయ్య కళ్ళు గట్టిగా మూసుకుని గాజు పలక మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి కాలుతుందేమో అనుకున్నాడు. ఏమీ కాలేదు. యంత్రం గుర్రుమంది, కాసేపు మూలిగింది, తెర మీద అంకె పడింది. మూడు పాయింట్ ఒకటి. ఆ కిందనే, 'రకం: వర్జీనియా. పక్వత: బాగుంది' అని కూడా పడింది.

"అబ్బ!" అంది హైమవతి, తనకు తెలియకుండానే. పాపం, యంత్రం వచ్చిన దగ్గర్నుంచి ఆమె చూసిన మొదటి నమ్మదగ్గ అంకె అది. వెంటనే చీటీ కొట్టి, ముద్ర వేసి, డైరెక్టరుగారి సంతకం తీసుకుంది. 'నమూనా పేరు' అన్న చోట ఏం రాయాలని అడిగితే, ఏది పరీక్షించామో అదే రాయాలి, అబద్ధం పనికిరాదు అన్నారాయన. మాలకొండయ్య అని రాసింది. ఆ కాగితం చూసుకుని మాలకొండయ్యకు కాళ్ళు నేల మీద ఆనలేదు. హైమవతికి దణ్ణం పెట్టాడు, డైరెక్టరుగారికి పెట్టాడు, ఊరుకోలేక యంత్రానికీ పెట్టాడు.

సరిగ్గా అప్పుడే అటెండరు రొప్పుతూ వచ్చాడు. "సార్! షీల్డు కమిటీ! గేటు దగ్గరికొచ్చేశారు!"

డైరెక్టరుగారు చీటీ వంక చూశారు. మాలకొండయ్య వంక చూశారు. నికోటిన్ ఒక శాతం దాటిన ఏ పదార్థమైనా పొగాకే అని సంస్థ నియమావళిలో ఆయనే స్వయంగా రాశారు. యంత్రం చెప్పిన ప్రకారం, తన సంతకం సాక్షిగా, పొగాకు రహిత ప్రాంగణం నడిబొడ్డున అరవై కిలోల పొగాకు తలగుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది.

"గేటు గుండా పోకూడదు! కమిటీ కంట పడకూడదు! వెనక గోడ!" అని కేక పెట్టారు.

ఇక చూడండి ఆ పరుగు! ముందు మాలకొండయ్య, వెనక డైరెక్టరుగారు, ఆ వెనక హైమవతి, అందరికంటే వెనక అటెండరు. జనరేటరు షెడ్డు చుట్టూ తిరిగి, తోటమాలి ఆరేసిన పంచె తగులుకుని, దాన్ని కూడా ఈడ్చుకుంటూ వెనక గోడ దగ్గరికి చేరారు. గోడ ఎత్తుగా ఉంది. మాలకొండయ్య చేతులు అందలేదు. అప్పుడు డాక్టర్ సర్వోత్తమరావుగారు, సంస్థకూ షీల్డుకూ తనను తాను అంకితం చేసుకుని, గడ్డిలో మోకాళ్ళ మీద వంగి, "ఎక్కు" అన్నారు.

"వద్దు సారూ, పాపం తగులుద్ది, పెద్దోళ్ళు..."

"నువ్వు నిషిద్ధ పదార్థానివి! నాతో మాట్లాడకు! ఎక్కు!"

మాలకొండయ్య ఎక్కాడు. గోడ మీద ఓ క్షణం బిక్కుబిక్కుమంటూ కూర్చుని అవతలికి దూకాడు. చెప్పులు మిగిలిపోయాయి. హైమవతి వాటిని ఒకటొకటిగా గోడ మీంచి విసిరి, "చీటీ జాగ్రత్త బాబాయ్!" అని అరిచింది. అవతల్నుంచి "సల్లగుండు తల్లీ!" అని వినబడింది. కోటు మీద రెండు పాదముద్రలతో డైరెక్టరుగారు కమిటీకి స్వాగతం పలికారు. కమిటీ వారు ప్రాంగణమంతా గాలించి, పొగాకు నలుసు కూడా లేదని ఆశ్చర్యపోయి, ఇటువంటి పొగాకు సంస్థను తామెక్కడా చూడలేదని రాసి, షీల్డు అక్కడికక్కడే ఇచ్చేశారు.

శనివారం పొద్దున మాలకొండయ్య, చెంచమ్మ ట్రాక్టరు నిండా బేళ్ళు వేసుకుని వేలం కేంద్రానికి వచ్చారు. చీటీ వచ్చిందన్న కబురు విని చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా చూడ్డానికి వచ్చారు. పేకముక్కలు పారేసి బయ్యర్లు కూడా పరుగెత్తుకొచ్చారు. సూపరింటెండెంటు కళ్ళజోడు సవరించుకుని చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు.

"సరుకు పేరు మాలకొండయ్య. ఎవరు?"

"నేనే సారూ."

"నీ నికోటిన్ ధ్రువీకృతమైంది. నిన్ను వేలానికి పెట్టవచ్చు. ఈ బేళ్ళ పేరిట చీటీ లేదు. పెట్టడానికి వీల్లేదు."

"నన్ను వేలానికి పెట్టేదేంది సారూ! నేను మనిషిని! ఆకు అమ్ముకోడానికొచ్చినా!"

"నువ్వు ఏమనుకుంటున్నావన్నది అప్రస్తుతం. శాస్త్రీయ సంస్థ ఏమన్నదన్నది ప్రస్తుతం. చీటీ గల సరుకు అరుగెక్కుతుంది. చీటీ లేనిది ఎక్కదు. కేంద్రం సాయంత్రం మూస్తాం."

మాలకొండయ్య తల పట్టుకుని బేళ్ళ పక్కన చతికిలబడ్డాడు. ఇంతదూరం వచ్చి, ఇన్ని పాట్లు పడి, ఆఖరికి ఆకు మళ్ళీ ఇంటికే! చెంచమ్మ మాత్రం కొంగు బిగించి సూపరింటెండెంటు ముందుకు వచ్చింది.

"అయ్యా, ఒక మాట. వేలానికి పెట్టే సరుకును వట్టిగా నిలబెడతారా? దేంట్లో అన్నా కట్టాల్నా?"

"ప్యాకింగ్ తప్పనిసరి" అన్నాడు సూపరింటెండెంటు.

"ప్యాకింగుకు కూడా చీటీ కావాల్నా?"

ఆయన నియమాల పుస్తకం తిరగేశాడు. "ప్యాకింగుకు నికోటిన్ చీటీ అవసరమని ఎక్కడా లేదు."

"ఇంతకు మించి ఉండకూడదని ఏమన్నా ఉందా?"

మళ్ళీ తిరగేశాడు. "లేదు."

"అయితే ఈ బేళ్ళన్నీ మా ఆయనకు ప్యాకింగ్" అంది చెంచమ్మ.

రైతులంతా ఒక్కసారిగా ఈలలు వేశారు. సూపరింటెండెంటు మూడు వైపుల నుంచి ఆలోచించి, నియమానికి భంగం లేదని తేల్చాడు. మాలకొండయ్యను మధ్యలో నిలబెట్టి, చుట్టూ బేళ్ళు పేర్చి, మెడ దగ్గర చీటీ కుట్టి, అన్నిటినీ కలిపి కాటా మీదికెక్కించారు. బేళ్ళ మధ్య అతని తల ఒక్కటే కనబడుతున్నది.

పాట మొదలైంది. ఆ సీజన్లో ఆకే కంటికి కనబడని బయ్యర్లు తోసుకుంటూ ముందుకొచ్చారు. వాళ్ళ చూపంతా ప్యాకింగు మీదే, నోటితో పాడేది మాత్రం మాలకొండయ్య పేరు. ఒకడు పాడితే ఇంకొకడు పెంచాడు. "మాలకొండయ్య, వర్జీనియా, పక్వత బాగుంది, ఒకటోసారీ..." అని సూపరింటెండెంటు అరుస్తుంటే మాలకొండయ్యకు మొదట సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ధర పెరిగేకొద్దీ బేళ్ళలోంచి తల కొంచెం కొంచెంగా పైకి లేచింది. ఇరవై ఏళ్ళుగా ఆకు వేస్తున్నాడు, ఏ ఏడూ తన సరుకు కోసం ఇలా కొట్టుకున్నవాళ్ళు లేరు. మూడోసారి కొట్టేసరికి, ఆ ధర ఆ కేంద్రంలో ఎన్నడూ విననిదని జనం చెప్పుకున్నారు. చెంచమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

పాడుకున్న బయ్యరు బేళ్ళను గబగబా లారీలోకి ఎక్కించాడు. ఆఖర్న మాలకొండయ్య మిగిలాడు.

"దీన్నేం చేయాలి? మాకు ప్యాకింగ్ చాలు సార్" అన్నాడు బయ్యరు.

"సరుకు వద్దంటే తిరస్కరించవచ్చు. దాని తూకం తీసేసి మిగతాదానికి డబ్బు కట్టండి" అన్నాడు సూపరింటెండెంటు. "కానీ లోపం చూపించాలి. లోపం లేకుండా సరుకును తిరస్కరించే అధికారం ఎవరికీ లేదు."

బయ్యరు మాలకొండయ్య చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఏటా బేలు చుట్టూ ఎలా తిరుగుతాడో అలాగే తిరిగాడు. "రంగు లేదు" అన్నాడు.

ఏటా ఆ మాట వినగానే మాలకొండయ్య చేతులు కట్టుకుని తలొంచుకునేవాడు. ఈసారి తలెత్తాడు.

"ఎండలో మాడితే రంగెట్టా ఉంటదయ్యా? నువ్వు ఒక్క రోజు వచ్చి నా చేలో నిలబడు, నీ రంగు ఏమైద్దో చూద్దాం!"

"ముదురు" అన్నాడు బయ్యరు, కాస్త తడబడి.

"ముదరక? ఆకు కాల్చే బ్యారన్ పొయ్యి పక్కన రాత్రుళ్ళు కళ్ళల్లో ఒత్తులేసుకుని కూర్చున్నా! ఎన్నేళ్ళు రంగు లేదంటివి, ముదురంటివి, చెత్త కలిసిందంటివి! నేను ఒక్క మాటన్నా అన్నానా? అన్నానా చెప్పు! నా ఆకుకు నోరు లేదు, నాకుంది!"

అరుస్తూనే నవ్వాడు. నవ్వుతూనే అతని కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. ఆకు అమ్ముడుపోయిన సంతోషం అందులో ఉంది. ఇన్నేళ్ళూ చేతులు కట్టుకుని నిలబడ్డ ఉక్రోషం కూడా ఉంది. ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు. వాకిట్లో ఉన్న రైతులు ఎవరూ నవ్వలేదు.

బయ్యరు దగ్గరికి వచ్చాడు. చూపుడువేలితో మాలకొండయ్య చెంప మీద తాకి, వేలి వంక చూసుకుని, చీటీ మీద మెల్లగా రాశాడు. "తేమ ఎక్కువ. తిరస్కరించడమైనది."

సూపరింటెండెంటు ముద్ర వేసి, "సరుకు వాపసు. ఎవరైనా తీసుకెళ్ళవచ్చు" అన్నాడు.

చెంచమ్మ ముందుకు వచ్చింది. మెడ దగ్గర కుట్టిన చీటీని పళ్ళతో పుటుక్కున తెంపి, కొంగుతో మొగుడి మొహం తుడిచింది.

"నేను తీసుకుపోతాలెండి. ఇంట్లో జాగా ఖాళీ అయింది, ఆరబెట్టుకుంటా" అంది.